ఊ కొట్టిన పాపం

నేను ఒక రేకు డబ్బాను. నా కథ చెప్పే ముందు మా అక్క మీద ఒక ఫిర్యాదు ఉంది. అది బయటికి కక్కేస్తే గానీ నా మూత సరిగ్గా తెరుచుకోదు.

మా అక్క తురుముపీట. ఇద్దరం ఒకే రేకులోంచి పుట్టాం. రేకు పనివాడు ముందు తనని కత్తిరించి, మిగిలిన దాంతో నన్ను చేశాడు కాబట్టి పెద్దరికం తనది. ఒంటినిండా చిల్లులు పెట్టుకుని, నా అడుగున ఉన్న ఒకే ఒక్క సొట్టని పట్టుకుని వందేళ్ళ పైనుంచి దెప్పుతోంది. జల్లెడ సూదిని చూసి నీకు బెజ్జముందని నవ్విందని మీరు సామెతగా చెప్పుకుంటారు. మాకది సామెత కాదు, సంసారం.

ఇప్పుడు మేమిద్దరం పోలెండు దేశంలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో, ఒకే అద్దాల బీరువాలో పక్కపక్కన ఉన్నాం. మా అక్క ముందు పెట్టిన అట్టముక్క మీద 'బంగాళాదుంపల తురుముపీట' అని సరిగ్గానే రాశారు. నా ముందు 'పొలానికి తీసుకెళ్ళే భోజనం డబ్బా' అని రాశారు. నా కడుపులో ఒక్క రొట్టె ముక్క పడిన పాపాన పోలేదు. ఆ అట్ట చదువుకుంటూ ఎవరైనా నా వైపు జాలిగా చూస్తే చాలు, పక్కనించి చిల్లుల్లోంచి నవ్వు వినిపిస్తుంది. "ఎంతమందికి వండిపెట్టానో నాకు లెక్క లేదు. నువ్వేం మోశావే, గడ్డి" అంటుంది మా అక్క.

గడ్డి మోసిన మాట నిజం. నేను మొక్కలు ఏరుకునే డబ్బాని. బయట ఆకుపచ్చ రంగు, లోపల తెల్ల రంగు, ఒక పక్క నడుముకి ఆనేలా కొంచెం వంపు, పొడుగునా ఒక మూత, భుజానికి తగిలించుకోవడానికి తోలుపట్టీ. కడుపులో తడి నాచు పరిచి, పొద్దున కోసిన మొక్క సాయంత్రం దాకా వాడకుండా ఇంటికి చేర్చడం నా ఉద్యోగం. కాని నేను చెప్పబోయేది గడ్డి సంగతి కాదు. నా అడుగున ఉన్న సొట్ట సంగతి. అది పడిన రోజున నేను ఎంత నిర్ఘాంతపోయానో, ఇన్నేళ్ళయినా ఆ ఉలికిపాటు నా రేకులో ఇంకా అలాగే ఉంది.

మా ఇద్దరినీ చేయించుకున్నావిడ పేరు సబీనా కొస్త్రోవ్‌స్కా. అప్పట్లో ఆ వైపంతా రష్యా జార్ చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. సబీనా తండ్రి ఒకప్పుడు దొర. తిరుగుబాటులో చేరి భూములు పోగొట్టుకున్నాడు. కూతురికి మిగిలినవి పట్నంలో రెండు గదులు, గంపెడు పుస్తకాలు, దొరసాని అన్న పిలుపు. పెళ్ళి చేసుకోలేదు. వంట చేతకాదు. మా అక్క మీద బంగాళాదుంపల కంటే తన వేళ్ళనే ఎక్కువ తురుముకునేది. ఈ ఒక్క విషయంలో మా అక్కా నేనూ ఏకాభిప్రాయానికి వస్తాం.

ఆవిడకి మూడు పిచ్చులు. మొదటిది మొక్కలు. ఎవరూ పట్టించుకోని నాచు మొక్క ముందు చర్చిలో మోకరిల్లినట్టు మోకరిల్లేది. రెండోది కథలు. పల్లెల్లో ముసలమ్మలు చెప్పే కథలూ పాటలూ నమ్మకాలూ వైద్యాలూ అన్నీ రాసుకునేది. మూడోది చదువు. పోలిష్ పిల్లలకి పోలిష్ అక్షరాలు నేర్పడం అప్పుడు ప్రభుత్వానికి నేరం. ఈవిడకి ఆ నేరం చేయకపోతే నిద్ర పట్టదు.

ఆ మూడో పిచ్చి మూలంగా నాకు మొదటి దడ పట్టింది. ఒకసారి నా కడుపు అడుగున వాచకాలు పేర్చి, వాటి మీద మైనపు గుడ్డ, దాని మీద తడి నాచు, ఆపైన ఫెర్న్ ఆకులు సర్ది, ఏమీ ఎరగనట్టు నడిచింది. దారిలో జార్ పోలీసువాడు ఆపాడు. నా మూత తీశాడు. లోపల ఆకుల మీద బొద్దుగా ఒక గోదురుకప్ప కూచుని ఉంది. అది వాడి మొహం చూసింది, వాడు దాని మొహం చూశాడు. ఇద్దరిలో ముందు గెంతింది వాడే. అక్షరాలు అలా కప్ప కాపలాలో ఊళ్ళోకి వెళ్ళాయి.

ఆ ఊరి పేరు ఓల్షింకా. నది పక్కన, అడవి అంచున పాతిక ఇళ్ళ పల్లె. అక్కడ తెక్లా అనే వితంతువు ఇంట్లో మా యజమానురాలి బస. తెక్లా పొడుగ్గా, ఎముకల మనిషి. మాట కూడా ఎముకలాంటిదే. ఎక్కడా కొవ్వుండదు. ఆవిడకి ఒక్కతే కూతురు, అగాతా. చలికాలం సాయంత్రాలు ఊళ్ళో ఆడపిల్లలందరూ నూలు వడకడానికి తెక్లా ఇంట్లో చేరేవారు. వడకడం పైకి. లోపల జరిగేది చదువు. రాట్నాల చప్పుడులో అక్షరాల చప్పుడు కలిసిపోయేది. అందరిలోకీ అగాతాకి చదువు తొందరగా పట్టుబడింది. పొయ్యి వెలుతురులో పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని మిగతా పిల్లలకి చదివి వినిపిస్తుంటే, తెక్లా పని ఉన్నా లేకపోయినా ఆ గదిలోంచే అటూ ఇటూ నడిచేది. తన వంశంలో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషి ఆ పిల్ల.

ఇప్పుడు మా యజమానురాలి రెండో పిచ్చి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

కథ చెప్పించుకోవడం అందరికీ వచ్చే విద్య కాదు. అంతకుముందు ఓల్షింకాకి పట్నం పెద్దమనుషులు ఒకరిద్దరు వచ్చారట. ముసలమ్మ దయ్యం కథ మొదలుపెట్టగానే మీసాల చాటున నవ్వారట. ముసలమ్మ నోరు మూసుకుని, తర్వాత వచ్చిన వాళ్ళందరికీ చెవుడు నటించిందట. సబీనా ఆ తప్పు చేయదు. ఎదుటి మనిషి ఏం చెప్పినా మధ్యలో అడ్డం రాకూడదు, మొహం చిట్లించకూడదు, నవ్వకూడదు. కళ్ళు పెద్దవి చేసుకుని, తల ఊపుతూ, ఊ కొడుతూ ఉండాలి. ఊ కొట్టేవాళ్ళుంటే కథ ఎంత దూరమైనా సాగుతుందని మీకూ తెలుసు కదా. చందమామ భార్య కథకీ ఊ. కడుపునొప్పికి గబ్బిలం రెక్కల వైద్యానికీ ఊ. మొక్కని పూతలో ఉన్నప్పుడు, వేరు తెగకుండా, ఆకు నలగకుండా తీయాలని ఆవిడ నియమం. మాటనీ అలాగే తీయాలనుకునేది. నలగకుండా.

పల్లెలో ఆడవాళ్ళకి ఇది అబ్బురంగా ఉండేది. సొంత కోడళ్ళు వినని మాటలు ఇంత చదువుకున్న దొరసాని నోరు తెరుచుకుని వింటోంది, పైగా రాసుకుంటోంది. దాచుకోదగ్గ మాట కాకపోతే ఎవరైనా రాసుకుంటారా?

ఒక వసంతకాలం మేము వెళ్ళేసరికి అగాతా తలకి గుడ్డ కట్టుకుని కూచుని ఉంది. ఆ చలికాలమంతా తలనొప్పి. తెక్లా దానికి విరుగుడు చెప్పింది. ఒంట్లో జబ్బు బయటికి రావడానికి దారి వెతుక్కుంటుందట. దానికి దారి జుట్టు. జుట్టుని దువ్వకుండా, కడగకుండా అట్టగట్టిస్తే జబ్బంతా వచ్చి అందులో కూచుంటుంది. ఆ అట్టని అక్కడ కోల్తున్ అంటారు. అది తనంతట తను రాలిపోయేదాకా ముట్టుకోకూడదు. కత్తెర పెట్టారో, జబ్బు వెనక్కి మళ్ళి కళ్ళలోకి దిగుతుంది, మనిషి గుడ్డిదైపోతుంది. జుట్టు జడలు కడితే కత్తెర పెట్టకూడదని మీ వైపు కూడా అంటారని మ్యూజియం చూడ్డానికి వచ్చిన ఒకావిడ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. మనుషులు ఎక్కడైనా మనుషులే, చుట్టరికం కలవడానికి తెలివి ఒక్కటే అక్కర్లేదు.

సబీనా కళ్ళు మెరిశాయి. కోల్తున్ గురించి విన్నదే గానీ మొదటినించీ కట్టే పద్ధతి ఎవరూ చూసి రాయలేదు. ఏ ఆకు వాడతారు, ఎలా తడుపుతారు, ఎటు నుంచి ఎటు చుడతారు, అన్నీ గుచ్చిగుచ్చి అడిగింది. తెక్లా చెబుతూ పోయింది, ఆవిడ ఊ కొడుతూ పోయింది. చివరికి, నోటితో చెబితే బోధపడటం లేదు, ఒకసారి చేసి చూపించమంది.

తెక్లా చుట్టూ చూసింది. ఆకు లేదు. అడవి నేల మీద పాకే నీలిపూల తీగ ఆకు కావాలి, మంచులో కూడా వాడని రకం. మీ బిళ్ళగన్నేరుకి దూరపు చుట్టం.

"దానికేం, ఇందులో ఉంది" అంటూ మా యజమానురాలు నా మూత తీసింది. పొద్దున్నే తన మొక్కల సేకరణ కోసం కోసిన తీగ అది.

తెక్లా ఆ తీగ తీసుకుని, తేనె కలిపిన బీరుతో కూతురి జుట్టు తడిపి, ఆకులు పెట్టి, చిక్కు పడేలా నలిపి, గుడ్డ చుట్టింది. అగాతా ముక్కాలి పీట మీద బొమ్మలా కూచుంది. సబీనా ప్రతి మడతా కాగితం మీద బొమ్మ గీసుకుంది. అయిపోయాక సబీనా తెక్లా రెండు చేతులూ పట్టుకుని, ఎంతో మేలు చేశావని చెప్పింది. మర్నాడు మేం వెళ్ళిపోయాం. గుడ్డ విప్పమని ఎవరూ అనలేదు. నాకప్పుడే అనుమానం వచ్చింది గానీ, డబ్బాలని ఎవరడుగుతారు?

ఆ చలికాలం వార్సాలో పండితుల సభలో మా యజమానురాలు కోల్తున్ మీద వ్యాసం చదివింది. ఆ బొమ్మలు చేతులు మారాయి. గడ్డాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆడమనిషి రాసిందంటే నమ్మలేకపోతున్నామన్నారు, అదే వాళ్ళకి తెలిసిన పెద్ద మెచ్చుకోలు. నేను ఆవిడ కుర్చీ కింద కూచుని విన్నాను.

మళ్ళీ అడవిలో నీలిపూలు పూసే వేళకి ఓల్షింకా చేరాం. నా నిండా కొత్త వాచకాలు, ముఖ్యంగా అగాతా కోసం తెచ్చినవి. తెక్లా గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహంలో ఒక పండగ. "రండి దొరసానమ్మా, చూద్దురుగాని. మీరు పెట్టించినట్టే ఉంచాం, చెయ్యి తగలనివ్వలేదు" అంటూ లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది.

అగాతా వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది.

తల మీద జుట్టు అని చెప్పదగ్గది లేదు. వానలో తడిసి ఎండిన గొర్రె ఉన్నిని తొక్కితొక్కి అట్ట చేసినట్టు, ఒక ముద్ద. అందులోంచి పాములాంటి జడ ఒకటి భుజం మీదికి వేలాడుతోంది. పేలు నుదుటి మీద నడుస్తున్నాయి. అట్ట కింద చర్మం పుండ్లుపడి చీము కారి, ఆ చీము కుడికంటి మీదికి దిగి, రెప్ప వాచి మూసుకుపోయింది. ఎడమ కన్ను కూడా ఎర్రబారింది. వాసన గుమ్మం దాకా వచ్చింది. ఆ ముద్ద మధ్యన నల్లగా ఎండిన ఆకు ఒకటి అంటుకుని ఉంది. నా కడుపులోంచి వెళ్ళిన ఆకు.

మా యజమానురాలి భుజం మీంచి పట్టీ జారింది. నేను రాతి గుమ్మం మీద పడ్డాను. సొట్ట అదే. మూత ఊడిపోయి నోరు తెరుచుకుని అక్కడే ఉండిపోయాను. ఆవిడా అలాగే ఉండిపోయింది. పైన ఆవిడ, కింద నేను, ఇద్దరం నోళ్ళు తెరుచుకుని.

ఆఖరికి, ఇలా ఉంచమని ఎవరు చెప్పారని అడిగింది.

తెక్లా మొహంలో పండగ తగ్గలేదు. "మీరే కదమ్మా. ఆకు మీ డబ్బాలోదే. ఎలా కట్టాలో దగ్గరుండి చేయించారు. బొమ్మలు కూడా తీసుకున్నారు. పక్కింటి పిల్లకి కూడా మొన్ననే కట్టాం, దొరసాని పద్ధతి అని."

సబీనా నులక తెగిన మంచంలా కూలబడింది. తర్వాత లేచి, తన సంచిలోంచి కత్తెర తీసి, అగాతా వైపు వెళ్ళింది. తెక్లా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పట్టు చూసి నేను హడలిపోయాను. అంతసేపూ దొరసానమ్మా అన్న మనిషి, ఇప్పుడు గడప దగ్గర తోడేలుని చూసిన ఆవులా ఉంది. కత్తెర పెడితే ఉన్న రెండో కన్ను కూడా పోతుందని, తన పిల్ల కళ్ళతో ఆటలొద్దని చెప్పింది.

ఇక మొదలైంది వాదం. కన్ను పోతున్నది కత్తెర వల్ల కాదు, ఆ ముద్ద వల్ల అంది సబీనా. భూతద్దం పెట్టి పేలని చూపించింది. చర్మం ఎందుకు చీము పడుతుందో చెప్పింది. ఇంకొన్ని వారాలు ఇలాగే వదిలేస్తే కుడికన్ను మళ్ళీ తెరుచుకోదంది. తెక్లా అంతా శ్రద్ధగా వింది. విని, ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఇవన్నీ మీకు పోయినేడు తెలీవా?"

సబీనా భూతద్దాన్ని సంచిలో పెట్టేసుకుంది.

"తెలిస్తే అప్పుడెందుకు చెప్పలేదు? తెలీకపోతే ఇప్పుడెలా తెలిసింది? పోయినేడు మంచిదైంది ఈ ఏడు చెడ్డదెలా అయింది, అది చెప్పండి. చెబితే కత్తెర నేనే పెడతా."

నేను గుమ్మం మీద పడి ఉన్న చోటినించి ఆవిడ మొహం చూశాను. ఎన్నో పువ్వులకి లాటిన్‌లో పేర్లు చెప్పగల మనిషి. ఒక్క ముక్క రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. అగాతా కంటి మీద రోజూ గోరువెచ్చని ఉప్పునీటి గుడ్డ వేసేది సబీనా. దానికి మాత్రం తెక్లా ఒప్పుకుంది. గుడ్డ వేస్తూ వేస్తూ సాకులు వెతికేది. నేను మంచిదని ఎప్పుడూ అనలేదు, అడిగానంతే అంది ఒకరోజు. కాదని అనకపోయినా, అవుననీ అనలేదు కదా అంది ఇంకోరోజు. ఇలాంటి మాట మగవాళ్ళు కోర్టులో అంటారు, ఆడవాళ్ళు అత్తగారి దగ్గర అంటారు. రెండు చోట్లా చెల్లదు. శాస్త్రం మారుతూ ఉంటుందని కూడా ఒకసారి అంది. అది విని మా అక్కయితే పగలబడి నవ్వేది. అదృష్టవశాత్తూ పట్నంలో వంటింటి గోడకి వేలాడుతోంది.

చివరికి ఆవిడ చర్చి ఫాదరు దగ్గరికి వెళ్ళింది. ఆయన బొద్దుగా, తేనెటీగలు పెంచుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి. కోల్తున్ మూఢనమ్మకమని మీరు చర్చిలో చెప్పండి, మీ మాట వింటారని బతిమాలింది.

ఆయన తేనెపట్టు మీదినించి తల ఎత్తలేదు. తను ఈ ఊరు వచ్చినప్పటినించీ ప్రతి ఏడూ అదే చెబుతున్నానన్నాడు. "అందరూ ఊ కొడతారు తల్లీ. ఎంత బాగా ఊ కొడతారో. తర్వాత ఇంటికెళ్ళి ఆకు కడతారు. నా మాట నమ్మలేదు కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోవాల్సిన పని నాకు లేదు. నమ్మింది నీ మాట."

తను అసలు మాటే అనలేదని ఆవిడ మళ్ళీ అనబోయింది. ఒక తేనెటీగ వచ్చి నా మూత మీద వాలింది. ఆవిడ దాని వైపు చూస్తూ ఊరుకుంది.

ఇంటికొచ్చేసరికి అగాతా గోడ వైపు తిరిగి కూచుని ఉంది. కొత్త వాచకం ఒళ్ళో ఉంది, తెరవలేదు. సబీనా పక్కన కూచుని, వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, అమ్మ లేనప్పుడు కత్తిరించేద్దామా అని అడిగింది. ఆ పిల్ల ఒళ్ళో వాచకం అట్టని వేలితో తడిమింది.

"ఆ రోజు నాకు భయం వేసింది" అంది. "అమ్మ ఆకు పెడుతుంటే, చదువుకున్న పుస్తకాల్లో ఇలా ఎక్కడా లేదే అనుకున్నా. మీ మొహం చూశా. మీరు నవ్వుతూ బొమ్మ గీసుకుంటున్నారు. తప్పయితే మీరు ఊరుకోరు కదా అనుకున్నా. అందుకని ఊరుకున్నా."

తర్వాత ఇంకో మాట కూడా అంది. దొంగతనంగా కత్తిరిస్తే ఊళ్ళో ఏ ఆవు చచ్చినా, ఎవరింట వడగళ్ళు పడినా అమ్మనే అంటారని, అమ్మ ఈ ఊళ్ళో బతకాలని. పక్కింటి పిల్ల తలకి కట్టింది కూడా అలాగే ఉండిపోతుందని.

సబీనా లేచి బయటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ నన్ను భుజాన తగిలించుకుంది, అలవాటు కొద్దీ. అడవిలోకి వెళ్ళి నీలిపూల తీగ ముందు నిలబడింది. కోయలేదు. ఆ మనిషి ఒక మొక్క ముందు నిలబడి కోయకుండా వెనక్కి తిరగడం నేను అదే మొదటిసారి చూడటం. నా నాచు ఆ రోజు ఖాళీగానే ఎండిపోయింది.

ఆవిడ భయం ఏమిటో నాకు తెలుసు. ఆ నమ్మకం తప్పని ఊరి మధ్యలో చెబితే, ఇక ఏ ముసలమ్మ ఆవిడ ముందు నోరు విప్పుతుంది? నవ్విన పెద్దమనుషుల జాబితాలో తనూ చేరిపోతుంది. ఇన్నేళ్ళుగా ఊ కొట్టి కట్టుకున్న కాపురమంతా ఒక్క మాటతో కూలిపోతుంది. అటు పక్క ఒక కన్ను.

ఆదివారం వచ్చింది. ప్రార్థన అయ్యి జనం చర్చి బయట గుంపులుగా నిలబడ్డారు. మా యజమానురాలు మెట్టు మీదికి ఎక్కింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా పట్టీ గట్టిగా పట్టుకుంది. ముందు వరసలో తెక్లా, పక్కన తలనిండా ముసుగు వేసుకుని అగాతా. పక్కింటావిడ కూడా కూతుర్ని చంకనేసుకుని వచ్చింది.

సబీనా మొదలుపెట్టింది. వైద్యశాస్త్రం రోజురోజుకీ ముందుకి పోతోందంది. పూర్వీకుల జ్ఞానాన్ని గౌరవిస్తూనే కొన్ని ఆచారాలని తిరిగి పరిశీలించాలంది. పండితుల సభలో కూడా ఈ విషయం మీద భిన్నాభిప్రాయాలున్నాయంది. ఎంత చక్కగా చెప్పిందంటే, అందులో ఆవిడ ఎక్కడా లేదు.

ఊరంతా వింటోంది. కళ్ళు పెద్దవి చేసుకుని, తలలు ఊపుతూ. ఒక్కరు అడ్డం రాలేదు, ఒక్కరు నవ్వలేదు. ఆ చివర ముసలమ్మ ఊ అంది. ఈ చివర ముసలాయన ఊ అన్నాడు.

ఆవిడ ఠక్కున ఆగిపోయింది. ఎదురుగా ఉన్న అన్ని మొహాల్లోనూ ఉన్నది తన మొహమేనని ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. ఎంత మర్యాదగా, ఎంత శ్రద్ధగా, ఒక్క ముక్క కూడా నమ్మకుండా వింటున్నారో.

ఇక్కడ కొంచెం ఆగుతాను. కూర ఉడికేదాకా మూత తీయనివ్వని రకం కాదు నేను, తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నమే తెక్లా గొర్రెల కత్తెర తెచ్చి తన చేతులతోనే కూతురి తల మీది ముద్దని తీసింది. కోల్తున్‌ని పారేయకూడదు, పూడ్చాలి. పూడ్చడానికి దాన్ని మోసింది నేనే. అడవి పూలు తప్ప ఎరగని నా కడుపులో ఆ ముద్ద పడ్డప్పుడు నాకు కలిగిన జలదరింపు మీకు చెప్పలేను. సబీనా తర్వాత నన్ను బూడిదనీళ్ళతో ఎన్నిసార్లు కడిగిందో. అగాతా కన్ను మెల్లగా తెరుచుకుంది. చూపు పూర్తిగా రాలేదు. పుస్తకం చదివేటప్పుడు తల కొంచెం ఎడమ పక్కకి వాల్చేది, చివరిదాకా. వాల్చుకునే చదివింది, వాల్చుకునే ఆ ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పింది. సబీనా పోయాక నేనూ మా అక్కా అగాతా ఇంటికి చేరాం. అక్కడినుంచి అటక మీదికి, అటక మీదినుంచి ఈ బీరువాలోకి.

ఓల్షింకా ఆడవాళ్ళు ఆ తర్వాత చాలా ఏళ్ళు సబీనాకి అడగ్గానే కథలు చెప్పలేదు. చెప్పమని అడిగితే, ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి, తర్వాత మేం చెబుతాం అనేవాళ్ళు. ఆవిడ అనుకున్నది చెప్పేది. వాళ్ళు కాదనేవాళ్ళు. మొదట్లో ఆవిడకి ఎక్కడలేని దుఃఖం వచ్చేది. పోనుపోను ఆ పోట్లాటల్లో దొరికిన కథలు, ఊ కొట్టి తెచ్చుకున్న వాటికంటే బాగుండేవని నాకనిపిస్తుంది. మా అక్క ఒప్పుకోదు.

సరే, మళ్ళీ మెట్టు మీదికి వద్దాం.

ఆవిడ ఆగిపోయింది. తలలు ఇంకా ఊగుతున్నాయి. ఆవిడ నన్ను భుజం మీంచి తీసి కింద, రాయి మీద పెట్టింది, సొట్ట వైపు పైకి. రెండు మెట్లు దిగి తెక్లా ఎదురుగా, నేల మీద నిలబడింది. పండితుల సభలో మాట్లాడిన గొంతు పోయింది. బంగాళాదుంప బదులు వేలు తురుముకున్నప్పుడు వచ్చే గొంతు వచ్చింది.

"తెక్లా, నువ్వడిగిన దానికి జవాబు చెబుతా. నాకు పోయినేడు కూడా తెలుసు. ఆ ఆకులో ఏమీ లేదని తెలుసు, కత్తెర పెడితే కన్ను పోదని తెలుసు. నువ్వు చెప్పడం ఆపేస్తావని నోరు మూసుకున్నా. అగాతా నా మొహం చూస్తుంటే నేను కాగితం చూసుకున్నా."

తలలు ఊగడం ఆగింది. ఎవరూ ఊ అనలేదు.

అగాతా ముసుగు వెనక్కి తీసింది. ఆ ఒక్క ఎర్రటి కన్నుతో నేరుగా చూసింది. ఈసారి సబీనా కూడా చూపు తిప్పుకోలేదు.

"నీది కాదమ్మా, మీ అమ్మది కాదు, ఈ ఊరిది కాదు" అంది. "తప్పు నాది."